గజ్జి, తామర, జీడి: ఉత్తర తెలంగాణలో ఎగ్జిమా పేర్లు, పరీక్షలు, చికిత్సల చరిత్ర

వ్యాససంగ్రహం

దురద, ఎరుపు, నీటిపొక్కులు, రసి కారడం, కొంతకాలానికి చర్మం మందంగా మారడం ఎగ్జిమా ముఖ్య లక్షణాలు. ఇది ఒకరి నుంచి మరొకరికి సోకదు. అయితే తెలుగులో దీనికి ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. సోకే స్వభావం గల గజ్జి, తామరల పేర్లతోనే దీన్ని వ్యవహరిస్తున్నారు. నల్లజీడి వంటి కారణం కంటికి కనిపించిన చోట మాత్రం జనవ్యవహారం వ్యాధిని దాని కారణంతో ముడిపెట్టి గుర్తించింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను కేంద్రంగా తీసుకొని, ఈ పేర్ల చరిత్రను, ఎగ్జిమాను ఇతర చర్మవ్యాధుల నుంచి వేరు చేసిన వైద్యపరీక్షల చరిత్రను పక్కపక్కన ఉంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. పేరులోని కలగాపులగం నేటికీ తప్పుడు చికిత్సకూ, అనవసరమైన వెలికీ దారితీస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎగ్జిమా, గజ్జి, తామర, విచర్చిక, నల్లజీడి, వయ్యారిభామ, ప్యాచ్ టెస్ట్, ఉత్తర తెలంగాణ.

1. ప్రవేశిక

వ్యాధుల చరిత్రను సాధారణంగా మహమ్మారుల చరిత్రగా రాస్తారు. మశూచి, కలరా, ప్లేగు గురించి ప్రభుత్వ పత్రాలు ఉంటాయి, మరణాల లెక్కలు ఉంటాయి. ప్రాణం తీయకుండా ఏళ్ల తరబడి నిద్ర లేకుండా చేసే వ్యాధులకు అటువంటి పత్రాలు తక్కువ. వాటి జాడ పదాల్లో, చెట్ల పేర్లలో, వృత్తుల్లో వెతకవలసి ఉంటుంది. ఎగ్జిమా ఆ కోవకు చెందినది.

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను ఈ పరిశీలనకు ఎంచుకోవడానికి కారణం ఉంది. గోదావరికి ఉత్తరాన అడవి, దక్షిణాన వరి, పత్తి పొలాలు, మధ్యలో బొగ్గుగనులు, సిమెంటు కర్మాగారాలు, సిరిసిల్ల మగ్గాలు, ఊరూరా బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ దేశాలకు వలసవెళ్లిన భవన నిర్మాణ కార్మికులు కలిసి ఉన్న ప్రాంతమిది. చర్మానికి ఏది తగులుతుందో నిర్ణయించేది మనిషి చేసే పని. కాబట్టి ఈ ప్రాంత శ్రమ చరిత్రలో భాగంగానే ఎగ్జిమా చరిత్రను చదవడం సాధ్యమవుతుంది.

2. అరువు పేర్లు

తెలుగులో చర్మవ్యాధులకు ఎక్కువగా వినిపించే పేర్లు గజ్జి, తామర. గజ్జి కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తొలచడం వల్ల కలిగే వ్యాధి. కుటుంబంలో ఒకరికి వస్తే అందరికీ సోకుతుంది. తామర ఫంగస్ వల్ల వచ్చేది. గుండ్రంగా అంచులు కట్టి విస్తరిస్తుంది. ఇదీ సోకేదే. ఎగ్జిమాలో పురుగు లేదు, ఫంగస్ లేదు. చర్మపు రక్షణ పొర బలహీనపడటం, రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం దీనికి మూలం. అయినా ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ఎగ్జిమాకు తామర, గజ్జి అనే అర్థాలనే ఇస్తూ వచ్చాయి. బస్టాండు గోడల మీద, రైలుపెట్టెల్లో కనిపించే మలాముల ప్రకటనలు ‘గజ్జి, తామర, దురద’ అని మూడింటినీ ఒకే వరుసలో చేర్చి, ఒకే డబ్బాలో మందు అమ్ముతాయి.

సంస్కృత వైద్య సంప్రదాయంలో వేరు చేసే ప్రయత్నం కనిపిస్తుంది. చరకసంహిత కుష్ఠరోగాలను పద్దెనిమిదిగా విభజించి, ఏడింటిని మహాకుష్ఠాలుగా, పదకొండింటిని క్షుద్రకుష్ఠాలుగా చెప్పింది. క్షుద్రకుష్ఠాల్లో ఒకటైన విచర్చికకు దురద, నల్లబారిన పొక్కులు, అధికంగా రసి కారడం లక్షణాలుగా చెప్పారు. నేటి ఆయుర్వేద వైద్యులు ఎగ్జిమాను విచర్చికతోనే పోలుస్తారు. ఫంగస్ వ్యాధికి దద్రు అనే వేరే పేరుంది. తగిరిస మొక్కకు దద్రుఘ్నమనే సంస్కృతనామం ఆ వ్యాధిని పోగొట్టేది అనే అర్థంలోనే వచ్చింది. అయితే విచర్చిక అనే మాట పండితుల గ్రంథాల్లోనే మిగిలిపోయింది. జనవ్యవహారంలోకి దిగలేదు. పైగా ఒకప్పుడు చర్మవ్యాధులన్నింటికీ గొడుగుగా ఉన్న ‘కుష్ఠు’ అనే మాట క్రమంగా ఒకే ఒక్క వ్యాధికి, సమాజం ఎక్కువగా భయపడిన వ్యాధికి, పరిమితమైంది.

నిజాం పాలనలో ఈ జిల్లాల వైద్యభాషకు మరో పొర చేరింది. ఉర్దూ మాధ్యమంగా 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. వైద్యవిద్య కూడా ఉర్దూలోనే సాగింది. యునానీ వైద్యంలో ఎగ్జిమాతో పోల్చదగిన వ్యాధికి నార్ ఫార్సీ, అంటే పారసీక అగ్ని, అనే పేరుంది. ఎగ్జిమా అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి ఉడికి పొంగడమని అర్థం. రెండు సంప్రదాయాలూ వ్యాధిని మంటతో, మరుగుతో పోల్చడం గమనార్హం. చర్మవ్యాధులకు ప్రత్యేకించిన జాతీయ యునానీ పరిశోధన సంస్థ నేడు హైదరాబాదులోనే ఉంది. అయితే ఆనాటి వైద్యవిద్య భాషకూ కరీంనగర్ రైతు భాషకూ మధ్య పారిభాషిక పదాల వంతెన ఏర్పడలేదు. రోగి గజ్జి అన్నాడు, వైద్యుడు ఖారిష్ అన్నాడు. ఎవరి మాట వారిదే అయింది.

ఈ ప్రాంతానికి చేరువలో చర్మానికి సంబంధించిన వ్యాధి కోసం వెలసిన ప్రసిద్ధ సంస్థ నిజామాబాద్ సమీపంలోని డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రి. మెథడిస్టు మిషనరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో దీన్ని నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ ఈ కృషికి అండగా నిలిచారు. ఆ సేవ విలువైనది. దానికి మరో పక్క కూడా ఉంది. చర్మవ్యాధి అనగానే కుష్ఠు భయం మనసులో మెదిలే వాతావరణంలో, ప్రాణాంతకం కాని ఎగ్జిమా దాచిపెట్టవలసిన జబ్బుగానే మిగిలింది.

3. నల్లజీడి: కారణం తెలిసిన ఎగ్జిమా

పేర్ల విషయంలో ఇంత గందరగోళం ఉన్నప్పటికీ, ఒక రకమైన ఎగ్జిమాను మాత్రం తెలుగువారు శతాబ్దాలుగా కచ్చితంగా గుర్తించారు. అది నల్లజీడి గింజ రసం తగిలితే వచ్చే పొక్కుడు. నల్లజీడి ఆదిలాబాద్ వంటి ఆకురాల్చే అడవుల్లో పెరిగే చెట్టు. గింజ కింద ఉబ్బిన నారింజరంగు కండభాగాన్ని అడవిని ఆశ్రయించిన ప్రజలు తింటారు. గింజ పెంకులోని నల్లటి రసం మాత్రం చర్మానికి ప్రమాదకరం. గిరిజనులు ఏరి అమ్మే చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో ఈ గింజలు కూడా ఉన్నాయి. దిష్టి తీయడానికి, గుమ్మానికి కట్టడానికి కూడా వీటిని వాడతారు.

దీని సంస్కృత నామాలు ఒక చిన్న వైద్యగ్రంథంతో సమానం. భల్లాతకానికి అరుష్కరమని మరో పేరు. అరుస్సు అంటే పుండు, అరుష్కరం అంటే పుండు చేసేది. అగ్నిముఖి అన్నది మరో నామం. ఇదే గింజను ఆయుర్వేదం రసాయన ఔషధంగా కూడా స్వీకరించింది. వాడే ముందు ఇటుకపొడితో రుద్ది శుద్ధి చేయాలని విధించింది. చర్మానికి హాని చేసే నూనెను ఆ పొడి పీల్చుకుంటుంది. హానికరమైన ద్రవ్యాన్ని గుర్తించి, దాని పేరులోనే హెచ్చరికను పొందుపరచి, వాడేవారికి రక్షణ పద్ధతిని సూచించడం ఇక్కడ గమనించవలసిన అంశం.

తెలుగు పేరు మరింత ఆసక్తికరం. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చిన చెట్టుకు తెలుగువారు ‘జీడిమామిడి’ అని పేరు పెట్టారు. అప్పటికే తెలిసిన జీడి, మామిడి అనే రెండు చెట్లతో కొత్తచెట్టును పోల్చి చేసిన నామకరణమిది. ఆధునిక వృక్షశాస్త్రం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చింది. జీడిమామిడి పెంకులోని నూనె కూడా నల్లజీడి రసం లాగే చర్మాన్ని పొక్కిస్తుంది. మామిడికాయ సొన తగిలి కొందరికి పెదాలు పొక్కడానికి కారణం కూడా ఈ బంధుత్వమే. పాశ్చాత్య వృక్షశాస్త్రంలో నల్లజీడికి స్థిరపడిన ప్రజాతినామం సెమెకార్పస్. గుర్తు పెట్టే కాయ అని దాని అర్థం. ఈ అర్థం వెనుక రజకవృత్తి ఉంది.

4. చాకలి గుర్తు నుంచి సైనిక ఆసుపత్రి దాకా

ఊరందరి బట్టలను ఒకేచోట ఉతికే రజకులకు ఏ బట్ట ఎవరిదో గుర్తుపట్టడం వృత్తిలో భాగం. అందుకు నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు వేసేవారు. సున్నం తగిలితే ఆ గుర్తు నల్లగా మారి ఎన్ని ఉతుకులకూ పోదు. ‘చాకలి గుర్తు’ అని ప్రసిద్ధమైనది ఇదే.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న అమెరికన్ సైనికుల్లో మెడ వెనుక, నడుము దగ్గర దురదతో కూడిన పొక్కులు కనిపించాయి. లివింగుడ్, రోజర్స్, ఫిట్జ్‌హ్యూ అనే సైనిక వైద్యులు 1943లో ఈ వ్యాధిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. చొక్కా కాలరు మీద, నడుము పట్టీ మీద చాకలి గుర్తు ఉన్నచోటే చర్మం పొక్కుతున్నదని తేలింది. దానికి వారు ధోబీ గుర్తు పేరుతోనే నామకరణం చేశారు. అమెరికాలో విస్తారంగా ఉండే పాయిజన్ ఐవీ అనే తీగ నల్లజీడి కుటుంబానికి చెందినదే. రెండింటిలోనూ చర్మాన్ని పొక్కించే రసాయనాలు దాదాపు ఒకే తరహావి. స్వదేశంలో ఆ తీగ తగిలి ఒకసారి సున్నితత్వం ఏర్పడినవారి చర్మం ఇక్కడి జీడి రసాన్ని కూడా శత్రువుగానే గుర్తిస్తుంది. నల్లజీడిలోని ఈ రసాయనాలకు దాని హిందుస్తానీ పేరైన భిలావా మీదుగా భిలావనాల్ అనే పేరు వచ్చింది.

ఇక్కడ పేరు చేసిన మరో పని కూడా ఉంది. వలసపాలన నాటి ఇంగ్లీషులో ‘ధోబీ దురద’ అంటే గజ్జల్లో వచ్చే ఫంగస్ వ్యాధి, అంటే తామర. ధోబీ గుర్తు వల్ల వచ్చేది ఎగ్జిమా. రెండు వేర్వేరు వ్యాధులు ఒకే కులవృత్తి పేరును మోశాయి. అంటే వ్యాధుల కలగాపులగం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. తెలుగులో అది సోకుతుందన్న భయంగా స్థిరపడితే, వలస ఇంగ్లీషులో బట్టలు ఉతికే మనిషి మీద నిందగా స్థిరపడింది. ఆ రసంతో రోజూ పనిచేసిన రజకుల చేతులు ఎంత పొక్కాయో పరిశీలించాలన్న ఆలోచన ఆ పేరు పెట్టినవారికి తట్టలేదు.

5. వేరుచేసే పరీక్షల పుట్టుక

యూరపులో కూడా గజ్జి, ఎగ్జిమా చాలాకాలం కలిసే ఉన్నాయి. గజ్జిపురుగును 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్తోని వర్ణించారు. అయినా రక్తదోషమే గజ్జికి కారణమన్న నమ్మకం తొలగలేదు. 1834లో రెనుచ్చి అనే విద్యార్థి పారిస్‌లో సూదితో పురుగును బయటకు తీసి చూపాడు. 1840లలో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా తన చర్మం మీదే పురుగును వదులుకొని, గజ్జికి కారణం బయటి నుంచి వచ్చే జీవి అని నిర్ధారించాడు.

హెబ్రా చేసిన మరో ప్రయోగం మనకు దగ్గరిది. నేపాళపు నూనెను ఆరోగ్యవంతమైన చర్మానికి పూసి, ఎగ్జిమా దశలను ఒక్కొక్కటిగా కలిగించి చూపాడు. ఎర్రబారడం, పొక్కడం, రసి కారడం, పొలుసులు కట్టడం ఒకే వ్యాధికి సంబంధించిన వేర్వేరు దశలని దీనివల్ల స్పష్టమైంది. తీవ్రమైన విరేచనకారిగా మన వైద్యులకు పరిచితమైన నేపాళం ఈ విధంగా ఎగ్జిమా చరిత్రలో చోటు సంపాదించుకుంది.

1895లో గ్రాట్స్ నగరంలో జరిగిన సభలో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడాసన్ తన పరిశీలనను వివరించాడు. పాదరస లేపనం వల్ల ఎగ్జిమా వచ్చిన రోగుల చర్మంపై ఒక చిన్నచోట అదే లేపనాన్ని అతికిస్తే, అక్కడ మాత్రమే ఎగ్జిమా మళ్లీ తలెత్తింది. ప్యాచ్ టెస్టుకు నాంది ఇదే. అనుమానించిన పదార్థాన్ని అదుపులో ఉన్న మోతాదులో చర్మానికి చూపించి, చర్మం ఇచ్చే సమాధానాన్ని చదవడం ఈ పరీక్షలోని సూత్రం. చాకలి గుర్తు తగిలిన చోటే మెడ పొక్కడం కూడా అనుకోకుండా జరిగిన ప్యాచ్ టెస్టు వంటిదే.

జీడి తగిలిన వెంటనే కాక ఒకటి రెండు రోజుల తర్వాత ఎందుకు పొక్కుతుంది? అందరికీ ఎందుకు పొక్కదు? ఈ ప్రశ్నలకు సమాధానం రోగనిరోధక శాస్త్రం ఇచ్చింది. చర్మంలోకి దిగిన చిన్న రసాయన అణువు అక్కడి ప్రోటీనుతో కలుస్తుంది. శరీరంలోని టీ కణాలు దాన్ని గుర్తుంచుకుంటాయి. మళ్లీ తగిలినప్పుడు ఆ కణాలు అక్కడికి చేరి వాపు కలిగించడానికి సమయం పడుతుంది. అందువల్లనే ప్యాచ్ టెస్టు ఫలితాన్ని ఒకసారి 48 గంటలకు, మరోసారి 96 గంటలకు చదువుతారు.

6. వయ్యారిభామ: గాలిలో వచ్చిన ఎగ్జిమా

నల్లజీడి అడవిలోనిది. తాకకుండా జాగ్రత్తపడవచ్చు. 20వ శతాబ్దం రెండో సగంలో తాకకపోయినా పొక్కించే మొక్క ఒకటి పొలంగట్లకు వచ్చింది. అమెరికా ఖండానికి చెందిన పార్థీనియంను పుణె ప్రాంతంలో గమనించి 1956లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్. ఎస్. రావు నమోదు చేశారు. దిగుమతి గోధుమలతో వచ్చిందన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. దక్కను పీఠభూమి అంతటా వ్యాపించిన ఈ మొక్కను తెలుగులో వయ్యారిభామ అన్నారు. కాంగ్రెస్ గడ్డి అన్నది మరో పేరు. మొదటి పేరు స్త్రీ మీదికి, రెండో పేరు రాజకీయపక్షం మీదికి పోయాయి. మొక్క చేసే హాని మాత్రం ఏ పేరులోనూ లేదు. అరుష్కరమనే పాతపేరుతో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది.

దీనివల్ల వచ్చే ఎగ్జిమాను 1960ల చివర, 1970లలో పుణె నుంచి వచ్చిన వైద్యవ్యాసాలు వివరించాయి. పార్థీనిన్ అనే రసాయనం దీనికి ముఖ్యకారణం. ఎండిన మొక్కభాగాల ధూళి గాలిలో తేలివచ్చి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద వాలుతుంది. పొలంలో పనిచేసే నడివయసు పురుషుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఎండ తగిలే చోట్ల రావడం వల్ల ఎండ పడక వచ్చిందని పొరబడే అవకాశం ఉంది. కనురెప్పల మీద, చెవుల వెనుక, గడ్డం కింద కూడా ఉంటే గాలిధూళిని అనుమానించాలి. ఎండ నీడలోని చర్మాన్ని వదిలివేస్తుంది, ధూళి వదలదు.

మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా అనే పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో ఈ మొక్క మీద వదిలారు. వానాకాలంలో అది ఆకులను తింటున్నా మొక్క నిర్మూలన జరగలేదు. ఏటా పాఠశాలల్లో, కళాశాలల్లో విద్యార్థులతో వయ్యారిభామను పీకించే కార్యక్రమాలు జరుగుతుంటాయి. చేతి తొడుగులు లేకుండా, పూత దశలో పీకించడం కొత్తగా సున్నితత్వం ఏర్పడటానికి దారితీయవచ్చు. పూతకు ముందే, చేతులు కప్పుకొని పీకాలన్న సూచన ఇందువల్లనే అవసరమవుతుంది.

7. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

కరీంనగర్ బతుకును ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మూడు మాటల్లో చెప్పడం తెలంగాణలో వాడుక. ఇందులో బొంబాయికి, దుబాయికి వెళ్లినవారిలో భవన నిర్మాణ కార్మికులు అధికం. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. చర్మపు పైపొరను తినివేస్తుంది. అందులో స్వల్పంగా ఉండే క్రోమియం లవణాలు అలర్జీని కలిగిస్తాయి. ఒకసారి క్రోమియానికి సున్నితత్వం ఏర్పడితే పని మానినా, తోలుచెప్పుల్లోని క్రోమియం వల్ల కూడా పాదాలు పొక్కవచ్చు.

ఇది నివారించదగిన వ్యాధి. డెన్మార్క్ 1980లలోనే సిమెంటులో ఐరన్ సల్ఫేట్ కలిపి హానికరమైన క్రోమియాన్ని హానిలేని రూపంలోకి మార్చే పద్ధతిని అమలుచేసింది. ఐరోపా కూటమి 2005 నుంచి దీన్ని నిబంధనగా అమలులోకి తెచ్చింది. భల్లాతకాన్ని ఇటుకపొడితో శుద్ధి చేయడంలో ఉన్న ఆలోచన, సిమెంటులో ఇనుప లవణం కలపడంలో ఉన్న ఆలోచన ఒకే స్వభావం గలవి. మనిషిని పని నుంచి తొలగించడానికి బదులు, పదార్థంలోని హానిని తగ్గించడం రెండింటి లక్ష్యం. చేతులకు పుండ్లతో ఇల్లు చేరిన వలసకార్మికునికి ‘గజ్జి పట్టింది’ అన్న మాట ఎదురైతే, పనివల్ల వచ్చిన జబ్బు మురికివల్ల వచ్చిన జబ్బుగా మారిపోతుంది.

8. నేటి పరీక్షలు

ఎగ్జిమాను ప్రధానంగా చరిత్ర అడిగి, చర్మం చూసి నిర్ధారిస్తారు. రక్తపరీక్షతో తేల్చే వ్యాధి కాదిది. పిల్లల్లో చెంపలు, మోచేతి, మోకాలి మడతలు, ఇంట్లో ఉబ్బసం లేదా తుమ్ముల అలర్జీ ఉండటం అటోపిక్ ఎగ్జిమాను సూచిస్తాయి. ఈ పేరును 1933లో అమెరికాలో వైజ్, సల్జ్‌బర్గర్ ప్రతిపాదించారు. హనిఫిన్, రాజ్కా 1980లో నిర్ధారణ ప్రమాణాలను రూపొందించారు. చర్మరక్షణ పొరకు అవసరమైన ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యులోపానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం 2006లో వెల్లడైంది. రక్తంలో ఐజీఈ పెరిగినంతమాత్రాన ఆహారం మానిపించడం సరికాదు. వంకాయ, గుడ్డు, చేప పేరుతో పిల్లలకు అకారణంగా పథ్యం పెట్టడం పోషకాహార లోపానికి దారితీయవచ్చు.

తామరను వేరుచేయడానికి చర్మపు పొలుసును గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఫంగస్ పోగులు కనిపిస్తే తామర. కొద్ది నిమిషాల్లో ముగిసే, అతి తక్కువ ఖర్చుతో కూడిన పరీక్ష ఇది. గజ్జిలో వేళ్ల సందుల్లోని సొరంగాలు, ఇంటిల్లిపాదికీ రాత్రి దురద ఉండటం ఆధారాలు. స్పర్శ వల్ల వచ్చే ఎగ్జిమాను అనుమానించినప్పుడు ప్యాచ్ టెస్టు చేస్తారు. భారతదేశానికి ప్రత్యేకంగా రూపొందించిన ప్రామాణిక వరుసలో నికెల్, క్రోమియం లవణాలతో పాటు పార్థీనియం కూడా ఉంది. రోగి వీపుపై వీటిని అతికించి, రెండు రోజులు తడవకుండా ఉంచాలి. రెండుసార్లు చదివించుకోవడానికి మళ్లీ ఆసుపత్రికి రావాలి. కూలి మానుకొని అన్నిసార్లు రాలేకపోవడం ఈ పరీక్షకు గ్రామీణులకు ఉన్న పెద్ద అడ్డంకి.

ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ ఏర్పడింది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. చర్మవైద్య విభాగం అందుబాటులోకి వచ్చే దూరం దీనివల్ల తగ్గింది. రోగి చెప్పే మాటకూ వైద్యుడు రాసే మాటకూ మధ్య దూరం తగ్గించే పని ఇంకా మిగిలి ఉంది.

9. చికిత్స, దాని దుర్వినియోగం

ఎగ్జిమా చికిత్సలో మొదటి మెట్టు చర్మాన్ని పొడిబారనీయకపోవడం, కారకాన్ని దూరంగా ఉంచడం. స్నానం చేసిన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పూయాలి. రెండో మెట్టు స్టిరాయిడ్ లేపనాలు. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ హైడ్రోకార్టిసోన్‌ను చర్మంపై విజయవంతంగా వాడటంతో ఇవి ప్రారంభమయ్యాయి. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి తీసిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. ముఖానికి, పిల్లలకు తక్కువ బలం గల రకాలను, మందమైన చర్మానికి ఎక్కువ బలం గల వాటిని, వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. 2000 తర్వాత వచ్చిన టాక్రోలిమస్ వంటి లేపనాలు ముఖం, మడతల వంటి సున్నితమైన చోట్ల ఉపయోగపడతాయి. తీవ్రమైన వ్యాధికి అతినీలలోహిత కిరణాలు, మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్, వయ్యారిభామ ఎగ్జిమాలో అజాథయోప్రిన్ వాడతారు. 2017లో అమెరికాలో ఆమోదం పొందిన డుపిలుమాబ్ సూదిమందు, ఆ తర్వాత వచ్చిన జాక్ నిరోధకాలు చికిత్సను మార్చాయి. వీటి ఖర్చు, పర్యవేక్షణ అవసరం సామాన్యులకు భారం.

పేరులోని గందరగోళం ప్రమాదంగా మారేది ఇక్కడే. స్టిరాయిడ్ లేపనం ఎగ్జిమాకు మందు. తామరకు అది ఎరువు వంటిది. రాసిన రెండు రోజులు దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ విస్తరిస్తుంది. స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబులు ‘గజ్జి, తామర’ పేరుతో మందుల దుకాణాల్లో చీటీ లేకుండా చేతులు మారాయి. మామూలు మందులకు లొంగని తామర దేశమంతటా పెరగడానికి ఈ దుర్వినియోగం కూడా కారణమని చర్మవైద్యులు హెచ్చరిస్తున్నారు. 2020లో కొత్తగా నామకరణం పొందిన ఫంగస్ జాతికి ఇండోటినియే అని మన దేశం పేరే చేరింది. భారత ప్రభుత్వం 2018లో 14 రకాల స్టిరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీతోనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. దీనికి తలకిందుల సందర్భం కూడా ఉంది. ఎగ్జిమాను తామరగా భావించి సాలిసిలిక్ ఆమ్లం గల ఘాటైన మలాము రాస్తే, అప్పటికే పలచబడిన చర్మం మరింత మండి పుండు పడుతుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. తెలుగు జనవ్యవహారంలో ఎగ్జిమాకు సొంత పేరు లేదు. గజ్జి, తామర అనే అరువుపేర్లు సోకుతుందన్న భావాన్ని కూడా వెంట తెచ్చాయి.

2. నల్లజీడి విషయంలో సంప్రదాయం కారణాన్ని గుర్తించి పేరులో నిలిపింది. జీడిమామిడి అనే నామకరణం ఆ పరిశీలనాశక్తికి నిదర్శనం. వయ్యారిభామ విషయంలో అది కొనసాగలేదు.

3. ఆధునిక చర్మవైద్య చరిత్ర ప్రధానంగా వేరుచేయడం నేర్చుకున్న చరిత్ర. హెబ్రా గజ్జిపురుగును, యాడాసన్ స్పర్శకారకాన్ని వేరుచేశారు. ఈ విభజన తెలుగు వైద్యభాషలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

4. ఉత్తర తెలంగాణలో ఎగ్జిమా శ్రమతో ముడిపడి ఉంది. గింజలు ఏరే చేతులు, బట్టలకు గుర్తులు వేసిన చేతులు, కలుపు తీసే చేతులు, సిమెంటు కలిపే చేతులు దాని చరిత్రకు సాక్ష్యాలు.

విచర్చిక అనే పాతమాటను పునరుద్ధరించడమా, ఎగ్జిమా అనే మాటనే తెలుగుగా స్వీకరించడమా అన్నది చర్చించదగిన విషయం. ఇప్పటికే జనం నోట నలిగిన ఎగ్జిమా అనే మాటను నిలుపుకొని, దానికి కారణాన్ని చేర్చి జీడి ఎగ్జిమా, సిమెంటు ఎగ్జిమా, వయ్యారిభామ ఎగ్జిమా అని వ్యవహరించడం ఆచరణసాధ్యంగా కనిపిస్తుంది. ఆశా కార్యకర్తల కరదీపికల్లో, పాఠ్యపుస్తకాల్లో, నిఘంటువుల కొత్త ముద్రణల్లో గజ్జి, తామర, ఎగ్జిమాలకు మూడు వేర్వేరు ఆరోపాలు ఇవ్వడం తెలుగుశాఖలు, వైద్యకళాశాలలు కలిసి చేయదగిన పని. అట్లా జరిగిననాడు చేతులు పొక్కిన కూలీని, చెంపలు పగిలిన పసిబిడ్డను పంక్తి నుంచి దూరంగా కూర్చోబెట్టడానికి భాష సాకుగా ఉపయోగపడదు.